తుపాకి ఆయనది, మోత మాది

కొలరాడోలో అక్టోబరు వచ్చిందంటే ఆఫీసులో కాఫీ దగ్గర మాటలన్నీ ఎల్క్ అనే పెద్ద దుప్పి చుట్టూ తిరుగుతాయి. ఎవరికి ఏ వేట యూనిట్‌లో ట్యాగ్, అంటే అనుమతి చీటీ, దొరికింది, ఎంత దూరం నుంచి కొట్టారు, కొమ్ములకు ఎన్ని కొనలున్నాయి, మంచు ఎప్పుడు పడింది. చాలా ఏళ్లుగా వింటున్నాను. ఆ కబుర్లలో ఒక్క సంగతిని మాత్రం అందరూ అర నిమిషంలో దాటేస్తారు: అంత పెద్ద జంతువు కొండ మీది నుంచి రోడ్డు దాకా ఎలా వచ్చిందన్నది. నాకు తెలిసింది ఆ దాటేసిన భాగమే. నేను తుపాకి పట్టినవాణ్ని కాదు, పట్టాలన్న కోరికా లేదు. వేటగాడి వెనకాల నడిచి, ఆయన పడగొట్టినదాన్ని వీపున వేసుకుని దిగే కూలీని.

మా పక్కింటి పెద్దాయనకు డెబ్భై దాటాయి. రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. గురి మాత్రం తప్పలేదు. ఒక వేసవి సాయంత్రం కంచె దగ్గర నిలబడి, "నువ్వు కొండలెక్కుతుంటావు కదా, ముప్పై కిలోలు వీపున వేసుకుని దిగగలవా?" అని అడిగాడు. ఇండియా వెళ్లే ప్రతిసారీ ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండు, చేతిసంచీ, ల్యాప్‌టాప్, నిద్రపోతున్న పిల్లతో సహా టెర్మినల్ మారేవాణ్ని నేను. మోయగలనన్నాను. విమానాశ్రయంలో నేల చదునుగా ఉంటుందన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

కూలీ అన్నానే గాని డబ్బు ప్రసక్తి లేదు. ఇక్కడ డబ్బు పుచ్చుకుని వేటగాళ్లకు మాంసం మోసిపెట్టాలంటే అవుట్‌ఫిట్టర్‌గా రాష్ట్రంలో నమోదు కావాలి, ప్రభుత్వ అడవిలో చెయ్యాలంటే ఫారెస్ట్ సర్వీస్ అనుమతి కూడా ఉండాలి. స్నేహం కొద్దీ మోస్తే ఎవరూ ఏమీ అడగరు. నా కూలి మాంసమే. హెచ్1బి మీద ఉన్న కుర్రాళ్లు తుపాకి ముట్టుకోవాలంటే ఫెడరల్ చట్టంలో చిక్కులున్నాయి, వేట లైసెన్సు ఉంటే తప్ప కుదరదు. మాంసం మొయ్యడానికి మాత్రం ఏ వీసా అయినా చాలు.

ముందు బరువు లెక్క చెబుతాను, ఎందుకంటే మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది. ఎదిగిన మగ ఎల్క్ సుమారు 300 కిలోలు తూగుతుంది. మన అడవుల్లో ఉండే కణితి దీనికి దూరపు చుట్టమే, రెండూ దుప్పి కుటుంబానివే. తల, చర్మం, పేగులు, ఎముకలు పోగా చేతికొచ్చే మాంసం 80 నుంచి 110 కిలోలు. ఎముకతో ఉంచితే ఒక్కొక్క వెనక తొడ 30 కిలోల దాకా, ముందు జబ్బ 20 కిలోల పైచిలుకు. అవి నాలుగు. వెన్నుకు రెండు వైపులా పొడుగ్గా ఉండే కండలు, లోపలి మెత్తని కండలు, మెడ, పక్కటెముకల మధ్య మాంసం అన్నీ కలిపి ఇంకో మూట. అంటే ఒక మనిషికి నాలుగైదు మోతలు. ట్రక్కు నుంచి ఐదు కిలోమీటర్ల దూరంలో జంతువు పడితే, ఒక్కడే మోసుకుంటే, పోనూ రానూ కలిపి నలభై కిలోమీటర్లు దాటుతుంది. అందులో సగం దూరం బరువుతో. అదీ పదివేల అడుగుల ఎత్తున, ఊపిరి సరిగా అందని చోట.

పెద్దాయన వేటాడేది ఫ్లాట్ టాప్స్‌లో. డెన్వర్ నుంచి పడమరగా నాలుగు గంటలకు పైగా కారులో వెళితే మీకర్ అనే చిన్న ఊరు, అక్కడి నుంచి వైట్ రివర్ వెంబడి ఎగువకు పోతే ట్రాపర్స్ లేక్. చెరువు దాదాపు 9,600 అడుగుల ఎత్తున ఉంటుంది. దాని చుట్టూ నల్లటి లావా రాతి గోడలు, ఆ గోడల పైన బల్లపరుపుగా మైదానం. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ లేనన్ని ఎల్క్‌లు కొలరాడోలో ఉన్నాయి, అందులో వైట్ రివర్ మందకు పెద్ద పేరు.

ఈ చెరువుకు ఒక చరిత్ర ఉంది, నా వీపుకు దానితో నేరుగా సంబంధం ఉంది. 1919లో ఆర్థర్ కార్‌హార్ట్ అనే ఫారెస్ట్ సర్వీస్ ఉద్యోగిని ఇక్కడికి పంపారు. పని ఏమిటంటే చెరువు చుట్టూ వేసవి ఇళ్లకు స్థలాలు కొలవడం, రోడ్డు గీత గీయడం. ఆయన కొలిచాడు, కొలిచి వెనక్కి వెళ్లి ఇక్కడ ఏమీ కట్టవద్దని పై అధికారులకు చెప్పాడు. చెప్పిన పని చేసివచ్చి, అసలు అదే వద్దన్న ఉద్యోగి మాట విన్న ఆఫీసు కూడా ఉండేదన్నమాట ఒకప్పుడు! ఇళ్లూ రాలేదు, చుట్టు రోడ్డూ రాలేదు. ఆ ఆలోచనే పెరిగి పెరిగి 1964లో విల్డర్‌నెస్ చట్టం అయింది. 1975లో ఈ ఫ్లాట్ టాప్స్‌లో సుమారు 2,35,000 ఎకరాలు ఆ చట్టం కిందికి వచ్చాయి.

చట్టం చెప్పేది చాలా సూటిగా ఉంటుంది: ఇంజను కూడదు, యాంత్రిక రవాణా ఏదీ కూడదు. అంటే జీపూ ఏటీవీలే కాదు, సైకిల్ కూడా వద్దు. వేట దుకాణాల్లో మాంసం లాగడానికి రెండు చక్రాల తోపుడు బండ్లు అమ్ముతారు, తేలికగా మడిచి పెట్టుకోవచ్చు. విల్డర్‌నెస్ హద్దు దాటితే అదీ నిషేధమే. వికలాంగుల చక్రాల కుర్చీకి మాత్రం మినహాయింపు. మిగతా అందరికీ కాళ్లు, లేదా కాళ్లున్న జంతువులు. హద్దు దగ్గర చిన్న చెక్క పలక కనిపిస్తుంది. అక్కడ చక్రం ఆగిపోతుంది, వీపు మొదలవుతుంది.

దీనికి తోడు 2002లో బిగ్ ఫిష్ కార్చిచ్చు ఈ చెరువు చుట్టుపక్కల అడవిని కాల్చేసింది. మాడి నిలబడిన చెట్లు ఏటా గాలికి ఒక్కొక్కటే కూలుతూ వచ్చాయి. కూలినవి ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి ఉంటాయి, నడుము ఎత్తున కొన్ని, మోకాలి ఎత్తున కొన్ని. ఖాళీ చేతులతో దాటితే ఆటలా ఉంటుంది. వీపు మీద ఎల్క్ తొడతో ఒక్కొక్క దుంగ మీదుగా కాలు ఎత్తి అవతల వేస్తుంటే, పటంలో అంగుళం దూరం పూట గడిచినా తరగదు.

సరే, తుపాకి పేలింది, జంతువు పడింది. అప్పటి నుంచి గడియారం తిరగడం మొదలు. మొదటి పని కాగితం. ట్యాగ్ మీద సంతకం, తేదీ వేసి చెల్లకుండా చేసుకోవాలి, అదయ్యాకే కత్తి. ఆడదో మగదో తెలిసే ఆనవాలు మాంసానికి సహజంగా అంటుకునే ఉండాలని రూలు, కాబట్టి అది కోసి పారేయకుండా ఒక తొడకు ఉంచేస్తారు. దారిలో వార్డెన్ ఎదురైతే ముందు అడిగేది అదే.

రెండో శత్రువు వేడి. ఇది నాకు అన్నిటికన్నా వింతగా తోచిన సంగతి. బయట చలికి చేతులు కొంకర్లు పోతుంటే మాంసం వేడికి పాడవుతుందంటే నమ్మబుద్ధి కాలేదు. కానీ ఎల్క్ చలికాలానికి తయారైన జంతువు. వెంట్రుకల లోపల గాలి ఉంటుంది, చర్మం మందం, ఒళ్లంతా కండ. ప్రాణం పోయినా ఆ వేడి బయటికి పోదు. పొట్టలో పులుస్తున్న గడ్డి ఇంకా వేడి పుట్టిస్తుంది. తుంటి కీలు దగ్గర, ఎముకను ఆనుకున్న చోట మాంసం అన్నిటికన్నా ఆలస్యంగా చల్లబడుతుంది, పాడైతే అక్కడే ముందు పాడవుతుంది. పైకి ఎర్రగా, శుభ్రంగా కనిపిస్తుంది, కోస్తే లోపల కంపు. కాబట్టి చర్మం ఎంత త్వరగా ఒలిస్తే అంత మంచిది.

పెద్దాయన పొట్ట చీల్చడు. జంతువును పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెన్ను పొడవునా గీత పెట్టి, పై వైపు చర్మం దుప్పటిలా కిందికి ఒలుస్తాడు. ముందు జబ్బకు కీలు ఉండదు, కండ మీదే నిలబడి ఉంటుంది, కాలు పైకెత్తి పట్టుకుంటే కత్తి దానంతటదే దారి చేసుకుంటుంది. వెనక తొడ దగ్గర తుంటి గిన్నెను వెతికి కోయాలి. తరవాత వెన్ను కండ, మెడ. చివరికి పక్కటెముకల వెనక చెయ్యి పెట్టి లోపలి మెత్తని కండ. అప్పుడు ఇద్దరం కలిసి జంతువును రెండో పక్కకు దొర్లించి మళ్లీ అంతా మొదటి నుంచి. పేగులు పేగుల చోటే ఉంటాయి, పొట్ట విప్పే అవసరమే రాదు. కాలు ఎత్తి పట్టుకోవడం నా పని. చెప్పడానికి సులువుగా ఉంది గాని ఆ కాలు నా కన్నా బరువేమో అనిపిస్తుంది కాసేపటికి.

కోసిన ప్రతి ముక్కా గాలి ఆడే గుడ్డసంచిలోకి పోతుంది. ప్లాస్టిక్ సంచి పనికిరాదు, వేడీ తడీ లోపలే ఉండి మాంసం పులిసిపోతుంది. సంచుల్ని నీడలో, ఉత్తరం వైపు వాలులో, కొమ్మలకు వేలాడదీస్తాం, కొమ్మ దొరక్కపోతే గాలి కింద నుంచీ తగిలేలా దుంగల మీద పరుస్తాం. పైన పొరలా ఒక ఎండిన తొక్క కడుతుంది, ఈగల నుంచి, మట్టి నుంచి కాపాడేది అదే. నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గరకు దిగితే ఒక రోజు నిదానంగా మోసుకోవచ్చు. పగలు ఎండ కాసి పదిహేను, పద్దెనిమిది డిగ్రీలకు వెళ్లిందా, రాత్రంతా దీపాలు పెట్టుకుని మొయ్యాల్సిందే. రాత్రి మోతలు చాలానే చేశాం. తలకు కట్టుకున్న దీపం వెలుగులో అడుగు ముందున్న రాయి కనిపిస్తుంది, దాని అవతల ఏమీ కనిపించదు. అదో మంచి ఏర్పాటు. ఎంత దూరం మిగిలిందో తెలియదు.

ఎముక తీసేసి మొయ్యాలా, ఎముకతోనా అన్నది వేటగాళ్ల మధ్య తెగని తగువు. తీసేస్తే తొడకు మూడు నాలుగు కిలోలు తగ్గుతాయి. కానీ ఎముక లేని మాంసం సంచి అడుక్కి జారి కూర్చుని నడుం కిందకు లాగుతుంది. ఎముకతో ఉన్న తొడ బిగువుగా వీపుకు ఆని నిలబడుతుంది. దూరం మూడు కిలోమీటర్ల లోపయితే ఎముకతోనే మేలని నా పక్షం. బరువు భుజాల మీద కాదు, తుంటి మీద ఉండాలి. అందుకని లోహపు చట్రమున్న సంచిలో, చట్రానికీ సంచికీ మధ్య మాంసాన్ని ఎత్తుగా, వెన్నుకు దగ్గరగా కట్టాలి. కిందుగా కడితే వెనక్కి పడేస్తుంది.

లేవడమే అసలు విద్య. నిలబడి వీపున వేసుకోవడం కుదరదు. సంచిని వాలులో ఆనించి, దాని ముందు కూర్చుని, పట్టీలు బిగించుకుని, పక్కకు దొర్లి మోకాళ్ల మీదకు వచ్చి, చేతికర్రల మీద బరువు వేసి లేస్తాం. మొదటి అయిదు నిమిషాలూ ఇది అసాధ్యం అనిపిస్తుంది. తరవాతి అరగంట ఫరవాలేదనిపిస్తుంది. అటు తరవాత ఏమీ అనిపించదు, అడుగులు లెక్క పెట్టుకోవడం తప్ప. ఎక్కడం ఊపిరి తీస్తుంది, దిగడం మోకాళ్లు తీస్తుంది. నన్నడిగితే దిగడమే కష్టం. మోసుకున్న బరువంతా ప్రతి అడుగుకీ మోకాళ్ల మీద పడి, తొడల ముందు కండరాలు వణుకుతాయి. మర్నాడు మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగాలి. మా ఆవిడ దాన్ని వీడియో తీసి మా చెల్లెలికి పంపింది.

రెండు మూటలు, ఒకడే మనిషి అయితే ఇంకో ఉపాయం. ఒక మూటను అరగంట దూరం తీసుకెళ్లి దింపి, ఖాళీగా వెనక్కి వచ్చి రెండోదాన్ని అంతకన్నా కాస్త ముందుకు చేర్చడం. ఖాళీగా వెనక్కి నడిచే దారిలో ఒళ్లు తేలిపోతుంటుంది. వీపు మీద సంచికీ, మాంసం కట్టలకూ నారింజ రంగు రిబ్బను కట్టాలి. అడవిలో ఇంకా నలుగురు తుపాకులతో తిరుగుతుంటారు, చెట్ల మధ్య కదులుతున్న ఎల్క్ కాలు దూరం నుంచి ఎల్క్ కాలులాగే కనిపిస్తుంది. వేటగాళ్లు తలతో సహా 500 చదరపు అంగుళాల నారింజ రంగు వేసుకోవాలన్నది చట్టం, 2016 నుంచి మెరిసే గులాబీ రంగు కూడా చెల్లుతుంది. మోసేవాడికి చట్టం చెప్పక్కర్లేదు, ప్రాణం చెబుతుంది.

ఒక సాయంత్రం మేమిద్దరం రాతి గోడ అంచున కూర్చుని ఉన్నాం. అవతలి లోయ అడుగున, వాగు పక్కన ఒక మగ ఎల్క్ మేస్తోంది. కొమ్ములు చూస్తే నాకే నోట మాట రాలేదు. దూరం ఆయన గురికి అందేదే, గాలి అనుకూలం, వెలుగు ఇంకా ఉంది. పెద్దాయన దుర్భిణి కళ్లకు పెట్టుకుని చాలాసేపు చూశాడు. చూసింది ఎల్క్‌ని కాదు. లోయ వాలును, కూలిన చెట్లను, వాగు నుంచి మేమున్న చోటికి మధ్య ఉన్న రాళ్లను చూశాడు.

"కొట్టగలను," అన్నాడు. "నువ్వు తేగలవా?"

నేను లోయ వంక చూశాను. అబద్ధం చెప్పలేకపోయాను. "రెండు రోజులు పడుతుంది" అన్నాను.

"రేపు ఎండ కాస్తుంది" అని తుపాకి భుజానికి తగిలించుకుని లేచాడు. ఆ ఏడాది ట్యాగ్ వాడకుండానే సీజను అయిపోయింది. దాని గురించి ఆయన ఎప్పుడూ వాపోలేదు. నాకు వేట మీద కాస్తయినా గౌరవం కలిగిందంటే ఆ సాయంత్రమే. ఎంత దూరం కొట్టగలడన్నది తుపాకి కంపెనీలు చెబుతాయి. ఎంత దూరం మోయగలడన్నది మాత్రం ఆ మనిషే చెప్పుకోవాలి, తుపాకి ఎత్తకముందే చెప్పుకోవాలి.

ఇక్కడి చట్టాలు కూడా ఆ లెక్కనే పట్టుకున్నాయి. కొలరాడోలో పెద్ద జంతువును కొడితే నాలుగు కాళ్ల మాంసం, వెన్ను కండలు, లోపలి కండలు కనీసం తెచ్చి తీరాలి. కొమ్ములు మాత్రం కోసుకుని మిగతాది వదిలేసి రావడం తీవ్రమైన నేరం. అలాస్కాలో ఇంకా ముచ్చటైన నిబంధన ఉంది. అక్కడ మూస్ అనే భారీ దుప్పి కొమ్ములు మాంసం కన్నా ముందు బయటికి రాకూడదు, చివరి మోతతో మాత్రమే రావాలి. కొన్ని ప్రాంతాల్లో కాళ్లూ పక్కటెముకలూ ఎముకతోనే బయటికి తేవాలి, మాంసం గీరేసి కొంత అక్కడే వదిలేశారా అన్నది తెలియడానికి. మూస్ అంటే రెండు వందల కిలోలకు పైగా మాంసం. రోడ్లు అంతగా లేని ప్రాంతం, నది మీద తెప్పలు, చిన్న విమానాలు. అయినా సరే, ముందు మాంసం, తరవాతే గొప్పలు.

ఈ కట్టుదిట్టం ఊరికే రాలేదు. 1870ల, 80లలో ఇక్కడి మైదానాల్లో అడవిదున్నల్ని లక్షల సంఖ్యలో చంపారు. చర్మాలు, నాలుకలు రైళ్లలో తూర్పుకు వెళ్లాయి. మాంసం పడిన చోటే కుళ్లింది. మోయడానికి లాభసాటిగా ఉన్నదాన్నే మోశారు. కొలరాడోలో ఎల్క్‌లు కూడా తుడిచిపెట్టుకుపోయే దశకు వచ్చాయి, 1913-14లో యెల్లోస్టోన్ నుంచి తెచ్చి ఎస్టెస్ పార్క్ దగ్గర వదలాల్సి వచ్చింది. 1900లో వచ్చిన లేసీ చట్టం, తరవాతి రాష్ట్ర చట్టాలు కలిసి అడవి జంతువు మాంసాన్ని బజారు నుంచి బయటికి నెట్టేశాయి. ఇవాళ వేటాడిన ఎల్క్ మాంసం అమ్మడం కుదరదు, హోటల్లో తినే ఎల్క్ పెంపకందారుల దగ్గరిది. వేటగాడు తినొచ్చు, పంచొచ్చు, అంతే. మొయ్యడం ఇంత కష్టమై, అమ్మితే పైసా రానప్పుడు, అవసరానికి మించి ఎవరు కొడతారు?

మనిషి వీపు చాలని చోట జంతువులు. అవుట్‌ఫిట్టర్లు కంచరగాడిదల వరసలతో వస్తారు. ఒక్కొక్కటి డెబ్భై కిలోల దాకా మోస్తుంది, రెండు ఉంటే ఎముక తీసిన ఎల్క్ మొత్తం బయటికి వచ్చేస్తుంది. జీనుకు ఇరువైపులా పెట్టెలు వేలాడదీస్తారు, చేతి త్రాసుతో తూచి మరీ. మన కావడిలాగే, ఒక వైపు రెండు కిలోలు ఎక్కువైతే జీను పక్కకు తిరుగుతుంది, జంతువు వీపు ఒరుసుకుపోతుంది, ఇరుకు దారిలో అయితే ఏకంగా లోయలోకే పోవచ్చు. రక్తం వాసనకు కొన్ని బెదురుతాయని కొందరు వాటి ముక్కులకు విక్స్ రాస్తారు. నేను స్వయంగా చూశాను, నవ్వు ఆపుకోలేకపోయాను. ఇంత దూరం వచ్చినా విక్స్ వదల్లేదు. లామాలు ఇరవై అయిదు, ముప్పై కిలోలే మోస్తాయి గాని సాధువులు, వాటి కాళ్లకు దారి కూడా చెడదు. మేకలతో మోయించేవాళ్లూ ఉన్నారు, అయితే కొండగొర్రెలకు వాటి నుంచి జబ్బులు సోకుతాయని కొన్ని చోట్ల రానివ్వరు. కంచరగాడిదల అద్దె ఎక్కువ, సీజనులో దొరకడమూ కష్టం. ముందే మాట్లాడుకోకుండా జంతువును కొట్టాక ఫోను చేసేవాళ్ల మీద వాళ్లకు మా చెడ్డ కోపం.

ఎలుగుబంట్ల గురించి అందరూ అడుగుతారు. కొలరాడోలో ఉన్నవి నల్ల ఎలుగులు, గ్రిజ్లీ చివరిసారి కనిపించి చనిపోయింది 1979లో. వయోమింగ్‌లో, మోంటానాలో గ్రిజ్లీలున్న చోట మాంసాన్ని పేగుల కుప్పకు దూరంగా, దూరం నుంచే కనిపించేలా బయలులో పెట్టుకోవాలి, తిరిగి వెళ్లేటప్పుడు కేకలు వేస్తూ వెళ్లాలి, చేతిలో స్ప్రే ఉండాలి. మమ్మల్ని ఎక్కువగా దోచుకున్నవి కాకులు, బూడిద రంగు జే పిట్టలు. ఇక్కడివాళ్లు వాటిని క్యాంపు దొంగలంటారు. సంచి ముడి సరిగా లేకపోతే కొవ్వంతా తినేస్తాయి.

రోడ్డు చేరాక కూడా పని అయిపోదు. కూలర్లలో విడి ఐసు పొయ్యకూడదు, కరిగిన నీళ్లలో మాంసం నానుతుంది. నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెట్టుకోవాలి. ఇంకో పరీక్ష ఉంది. దుప్పి జాతికి మెదడు కరిగిపోయే జబ్బు ఒకటి, క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. మొదట గుర్తించింది 1967లో, మా రాష్ట్రంలోనే, ఫోర్ట్ కాలిన్స్‌లో. వండినా నశించని ప్రియాన్లు అనే ప్రోటీన్ల వల్ల వస్తుంది. మనుషులకు సోకినట్టు ఇంతవరకు తేలలేదు గాని, పరీక్షలో ఉందని వస్తే తినవద్దంటుంది సీడీసీ. అందుకని తలను పరీక్షకు ఇస్తాం. రాష్ట్రాల హద్దు దాటించాలంటే చాలా చోట్ల మెదడు, వెన్నెముక రానివ్వరు, ఎముక తీసిన మాంసానికే దారి. ఫలితం వచ్చేదాకా డబ్బాల మీద తేదీ రాసి ఫ్రీజరులో ఉంచుతాం, వండం.

మా ఇంట్లో మొదటిసారి ఎల్క్ వండిన రోజు, భోజనానికి వచ్చిన ఒక పెద్దావిడ గిన్నె దగ్గర ఆగి, "ఇది ఆవు జాతేనా, నాయనా?" అని అడిగారు. "కాదండీ, మన కణితి జాతి" అన్నాక ధైర్యంగా వడ్డించుకున్నారు. కొవ్వు దాదాపు లేని మాంసం, తొందరపడితే తోలు, నూనె ఎక్కువ పోస్తేనే గాని వేపుడు దిగదు. తొడ మాంసం కుక్కరులో, జబ్బ మాంసం ఖీమాగా బాగుంటాయి. మెడ మాంసంతో మా ఆవిడ గోంగూర చేస్తుంది, పెద్దాయన దానికోసం కంచె దాటి వస్తాడు. మిగిలిన పొడుగు ముక్కలకు ఉప్పూ పసుపూ కారం పట్టించి ఆరబెడతాం, మా ఖమ్మం వైపు వట్టి తునకల్లాగే. ఆయన జెర్కీ అంటాడు, మేము తునకల పులుసు పెట్టుకుంటాం.

అమ్మకు ఫోనులో చెబితే మాత్రం మండిపడింది. "దుప్పిని కొడితే జైల్లో పెడతార్రా, నీకేం కర్మ!" అంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరవాతి ఇండియా ఆమెది, ఆమె మాట అక్కడికి నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడ అడవులు మిగిలినవి తక్కువ, జనం ఎక్కువ, నిషేధమే దారి. ఇక్కడ ఏ యూనిట్‌లో ఎన్ని కొట్టాలో రాష్ట్రం లెక్కగట్టి ట్యాగులిస్తుంది, ఆ డబ్బుతోనే అడవి జంతువుల శాఖ నడుస్తుంది. తుపాకులు, తూటాల మీద వసూలయ్యే ఫెడరల్ పన్ను కూడా 1937 నాటి చట్టం ప్రకారం అక్కడికే పోతుంది. ఇదంతా అమ్మకు విప్పి చెప్పాను. "సరే, మోసింది నువ్వే కదా, చంపింది నువ్వు కాదుగా" అని తన దారిలో తాను రాజీ పడింది. ఆ తేడా నాకంత నమ్మకంగా లేదు. తిన్నాక మోసినవాడికీ కొట్టినవాడికీ పాపంలో వాటా సమానమే అనుకుంటాను.

ఇక చక్రాల సంగతి. 2017లో కాలిఫోర్నియా ప్రతినిధి టామ్ మెక్లింటాక్ అమెరికా ప్రతినిధుల సభలో ఒక బిల్లు పెట్టాడు. విల్డర్‌నెస్‌లో సైకిళ్లు, పిల్లల తోపుడు బండ్లతో పాటు వేట మాంసం బండ్లను కూడా అనుమతించాలన్నది దాని సారం. చట్టం కాలేదు. అలాంటి ప్రయత్నాలు మళ్లీ వస్తాయి, వచ్చినప్పుడల్లా మా క్యాంపు మంటల చుట్టూ వాదనలు జరుగుతాయి. ముసలివాళ్ల కోసమైనా బండిని రానివ్వాలంటారు కొందరు. వాళ్ల మాటలో న్యాయం లేదనను, మా పెద్దాయన మోకాళ్లు నాకు తెలుసు. అయినా నేను ఒప్పుకోను. బండి వస్తే దానికి దారి వెడల్పు కావాలి, దారి వెడల్పయితే ఇంకో కిలోమీటరు లోపల, ఇంకో లోయ అడుగున కొడతారు. ఆ సాయంత్రం వాగు పక్కన మేసిన ఎల్క్ బతికింది మా కనికరం వల్ల కాదు, మాకు బండి లేకపోవడం వల్ల. ఆశ్చర్యమేమంటే పెద్దాయన కూడా బండి వద్దనే అంటాడు. "మోసేవాడు లేకపోతే నేను ఇంట్లో కూర్చుంటాను" అని.

ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. కొలరాడోలో, వయోమింగ్‌లో, మోంటానాలో, ఐడహోలో ఇప్పుడు మన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. మీ వీధిలో వేటకు వెళ్లే పెద్దవాళ్లుంటే, వేసవిలోనే వెళ్లి పలకరించండి. అక్టోబరులో ఒక వారం శని ఆదివారాలు ఖాళీ ఉంచుకోండి. చీలమండ పట్టే బూట్లు, రెండు చేతికర్రలు, తలకు కట్టే దీపం ఒకటి, దానికి మారు బ్యాటరీలు, నారింజ రంగు చొక్కా తెచ్చుకోండి. మొదటి మోతకు వెనక తొడ తీసుకోవద్దు, జబ్బ అడగండి.